తాళం డబ్బా సమీక్ష: పూతరేకులకీ ఫోనుకీ ఒకే గడియ

మూత మీద గుండ్రటి మీట, మీట మధ్యలో గంటలూ నిమిషాలూ చూపించే చిన్న తెర, కింద మామూలు ప్లాస్టిక్ డబ్బా. మీట తిప్పి సమయం పెట్టి ఒక్క నొక్కు నొక్కితే లోపల గడియ పడుతుంది. ఇక ఆ సమయం అయ్యేదాకా మూత రాదు. తాళంచెవి ఉండదు, నంబరు ఉండదు, బతిమాలితే కరిగేవాళ్లు అసలే ఉండరు. ఆన్‌లైన్‌లో 'టైమ్ లాక్ బాక్స్' అని వెతికితే పది రకాలు కనిపిస్తాయి. ఆకారాలు వేరు, లోపలి పని ఒకటే. ఇది ఏ ఒక్క కంపెనీ సరుకు గురించో కాదు, ఆ రకం మొత్తం గురించి. అదీ గోదావరి డెల్టా ఇళ్లలో, ఇక్కడి చెమ్మలో, ఇక్కడి తిండి మధ్య అది ఎంతవరకు నిలబడుతుందన్న లెక్క.

డబ్బా మంచిదే. అమ్మేవాళ్లు చెప్పే కారణమే తప్పు. 'మనోబలం పెంచుతుంది' అని అట్టపెట్టె మీద రాస్తారు. దీనివల్ల మనోబలం వీసమెత్తు పెరగదు. చూపుకీ చేతికీ మధ్య కాస్త కాలాన్ని అడ్డం పెడుతుంది, అంతే. ఆ అడ్డం ఎందుకు అంత పనిచేస్తుందో తెలియాలంటే ముందు డబ్బాలో పెట్టే వస్తువు సంగతి చూడాలి.

పూతరేకునే తీసుకోండి. బోర్లించిన కుండ, లోపల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డతో పైన ఒక్క పూత. రెండు క్షణాల్లో కాగితంలాంటి రేకు లేస్తుంది. అందులో నెయ్యి, బెల్లం పొడి, కాస్త జీడిపప్పు. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ నాలుక దాన్ని అంతకు చాలా ముందే గుర్తుపట్టింది. తీపీ కొవ్వూ ఒకేచోట సమృద్ధిగా కలిసి ఉండే పదార్థం ప్రకృతిలో చాలా అరుదు. మనిషికి మొట్టమొదట అందేది తల్లిపాలు: 100 మిల్లీలీటర్లలో లాక్టోజ్ చక్కెర 7 గ్రాముల వరకు, కొవ్వు సుమారు 4 గ్రాములు. ఆ తరవాత అడవిలో దొరికే పండులో తీపి ఉంటుంది, కొవ్వు అంతగా ఉండదు. వేటమాంసంలో కొవ్వు ఉంటుంది, తీపి ఉండదు. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుక మీద తీపి చుక్క వేస్తే ముఖం విప్పారుతుంది, చేదు వేస్తే ముడుచుకుంటుంది. అది ఎవరూ నేర్పిన విద్య కాదు. పూతరేకు గురించి జన్యువులకి ఏమీ తెలియదు. 'తీపి, కొవ్వు కనిపిస్తే వదలకు' అన్న ఒక్క ముక్క మాత్రం తెలుసు.

సీగల్ పిల్లలు తల్లి ముక్కు మీదుండే ఎర్రచుక్కని పొడిచి తిండి అడుగుతాయి. నికో టిన్‌బెర్గెన్ అనే డచ్ శాస్త్రవేత్త సన్నటి ఎర్రపుల్లకి మూడు తెల్లగీతలు పెట్టి చూపిస్తే, తల్లి తల బొమ్మని పొడిచినదానికన్నా ఆ పుల్లనే ఎక్కువ పొడిచాయి. జంతువుల నడవడి మీద చేసిన పనికి ఆయనకి 1973లో నోబెల్ వచ్చింది. మనకి పూతరేకూ, తాపేశ్వరం మడత కాజా, ఫోన్ తెర మీద ఎర్ర చుక్కా అలాంటి గీతల పుల్లలే. అసలుకన్నా కొసరు గట్టిగా పిలుస్తుంది.

కాలం లెక్క కూడా చూడండి. మన జాతి వయసు సుమారు 3 లక్షల సంవత్సరాలు. వ్యవసాయం వయసు పది, పన్నెండు వేల ఏళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంతకుముందు ఇదే డెల్టా ఓ ఏడు వరదకి మునిగి, ఓ ఏడు కరువుకి ఎండిన నేల. మూడు కార్లూ పచ్చగా ఉండటం, చేతికందే దూరంలో బెల్లం, నెయ్యి, కొబ్బరి ఉండటం మన ఒంటికి నిన్నటి మాట. 'ఇది రేపు ఉండదు, ఇప్పుడే తిను' అన్న పాత ఆజ్ఞ ఇంకా రద్దు కాలేదు. వరిచేను గట్టు మీద తాడుముక్క కనబడితే బుర్ర ఆలోచించకముందే కాలు వెనక్కి వస్తుంది. కాజా కనబడితే అదే వేగంతో చెయ్యి ముందుకి పోతుంది. రెండూ ఒకే పాఠశాల పాఠాలు. మొదటిదాన్ని జాగ్రత్త అంటాం, రెండోదాన్ని బలహీనత అంటాం. అదేం న్యాయమో.

ఇక తాళం ఎందుకు? దూరంగా ఉన్న పెద్ద లాభం, దగ్గరగా ఉన్న చిన్న లాభం, ఈ రెంటిలో ఏది ముద్దొస్తుందన్నది మనం ఎంత దూరంలో నిలబడ్డామన్న దాన్ని బట్టి తారుమారవుతుంది. పొద్దున్న పదింటికి 'సాయంత్రం స్వీట్లు ముట్టను' అనడం నిజమే, సాయంత్రం అయిదింటికి 'ఒక్కటే' అనడమూ నిజమే. జార్జ్ ఐన్స్‌లీ 1974లో ప్రచురించిన పావురాల ప్రయోగం ఈ డబ్బాకి తాత లాంటిది. మీట వెలిగాక పొడిస్తే కొంచెం గింజ వెంటనే వస్తుంది, పొడవకుండా ఆగితే కాసేపటికి ఎక్కువ గింజ వస్తుంది. వెలిగిన మీట ముందు పావురాలు ఆగలేకపోయాయి. అది వెలగకముందే, అసలు వెలగకుండా చేసే మరో అవకాశం ఇస్తే మాత్రం కొన్ని పావురాలు దాన్ని వాడుకోవడం నేర్చాయి. ఆశ పుట్టకముందే ఆశకి తాళం వేసుకున్నాయన్న మాట. వెలిగిన తరవాత పావురానికీ మనకీ పెద్ద తేడా లేదు. కాబట్టి ఈ డబ్బా వాడకంలో మొదటి సూత్రం: కడుపు నిండి ఉన్నప్పుడే గడియ వెయ్యాలి. ఆకలేసినప్పుడు డబ్బా ముందు కూర్చుని సమయం పెట్టేవాళ్లు పది నిమిషాలకన్నా ఎక్కువ పెట్టరు.

ఇప్పుడు వస్తువు. మొదటి తప్పు పారదర్శకమైన డబ్బా. చాలా కంపెనీలు గాజులా మెరిసే ప్లాస్టిక్‌ని గొప్పగా చూపిస్తాయి, లోపలున్నది కనబడుతుందని. కొనేవాడికి కావలసింది సరిగ్గా కనబడకపోవడం. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్, ఎబ్బెసెన్ 1970లో ప్రచురించిన ప్రయోగంలో, తినుబండారాలు కళ్లెదుట ఉన్న చిన్నపిల్లలు సగటున ఒక్క నిమిషం చిల్లర ఆగారు. అవే కనబడకుండా దాచినప్పుడు 11 నిమిషాలు దాటి ఆగారు. ('ఆగిన పిల్లలే పెద్దయ్యాక గొప్పవాళ్లయ్యారు' అని వాట్సాప్‌లో తిరిగే మాట ఉంది చూశారూ, దానికి అంత బలం లేదు. 2018లో ఎక్కువమంది పిల్లల మీద చూసినప్పుడు, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం బాగా పలచబడింది. కనబడితే ఆగలేం అన్న ముక్క మాత్రం గట్టిది.) తెల్లటి లేదా ముదురు రంగు డబ్బా దొరికితే అదే కొనండి. పారదర్శకమైనదే దొరికితే లోపలివైపు పాత పెళ్లిశుభలేఖ అట్ట చుట్టూ అమర్చండి. బయట అంటిస్తే తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ ఊడుతుంది.

రెండో తప్పు, డబ్బా గాలి చొరనిది కాదు. గడియ నాలుక కదలడానికి మూత అంచున సందులు ఉండాలి, ఉంటాయి. ఇక్కడి గాలిలో, ముఖ్యంగా వానాకాలంలో, ఆ సందు చాలు. పూతరేకు చెమ్మ లాగి మెత్తబడి పళ్లకి అంటుకుంటుంది. జంతికలు రెండో రోజుకే కరకర మానేస్తాయి. బెల్లం వాసన ఆ సందులోంచే వంటిల్లంతా తిరుగుతుంది. కంటికి తాళం వేసి ముక్కుకి తలుపు తీసినట్టు. కాబట్టి తినే వస్తువుని ముందు బిగుతు మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఇందులో పెట్టాలి. కొనేముందు లోపలి కొలత చూసుకోవడం అందుకే. మీట యంత్రం మూత కింద రెండు మూడు వేళ్ల మందాన కిందికి దిగి ఉంటుంది, బయటి ఎత్తు చూసి కొంటే ఇంట్లో ఉన్న ఏ స్టీలు డబ్బా పట్టదు. పూతరేకులు పొడుగ్గా ఉంటాయి, పొట్టి డబ్బాలో నిలబెడితే కింది కొసలు నలిగి పొడి రాలుతుంది. కాజాలకీ సున్నుండలకీ ఆ బాధ లేదు. చీమలకి మన అమ్మమ్మల మందే: పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో డబ్బా. నీళ్లు అడుగుకి తగలకుండా కింద ఓ చిన్న పీట వెయ్యండి.

మూడోది సెల్లు. మీట రకాల్లో ఎక్కువ వాటికి గోడ గడియారంలో వేసే సైజు సెల్లు రెండు పడతాయి. కొన్ని చిన్నవాటికి టీవీ రిమోట్ సెల్లు మూడు. డెల్టాలో ఇవి అయిపోయి పాడవడం కన్నా కారి పాడవడమే ఎక్కువ. సెల్లు గదిలోని స్ప్రింగు మీద తెల్లటి పొడి, లేదా పచ్చటి చిలుము కనబడితే మూత తెర మినుకుమినుకుమంటుంది, గడియ సగంలో ఆగుతుంది. ఆల్కలైన్ సెల్లు కారితే అది క్షారం. చెవిపుల్లని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి తుడిచి, ఆ తరవాత మంచినీటి పుల్లతో, ఆపైన పొడిపుల్లతో తుడిచి ఆరబెట్టాలి. చవక రకం జింక్ కార్బన్ సెల్లు కారితే అది ఆమ్ల గుణం ఉన్నది. దానికి నిమ్మరసం పనికిరాదు, నీళ్లలో కలిపిన వంటసోడా కావాలి. ఏ సెల్లో చూడకుండా అన్నిటికీ నిమ్మకాయ రుద్దితే స్ప్రింగు ఇంకా తొందరగా పోతుంది. చార్జింగ్ సెల్లు వేస్తే ఒక్కోటి 1.5 వోల్టులకి బదులు 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి నిండుగా ఉన్నా కొన్ని డబ్బాలు 'బ్యాటరీ తక్కువ' అని మొరాయిస్తాయి. అది డబ్బా లోపం కాదు. వాడకుండా నెలరోజులు పక్కన పెట్టేటప్పుడు సెల్లు తీసేయండి.

సెల్లు లోపల అయిపోతే ఏమవుతుందన్న దానిలో రకరకాలున్నాయి. బుద్ధిగా తయారుచేసినవి సెల్లు తగ్గాక అసలు గడియే వెయ్యవు. కొన్నిటికి బయట చిన్న చార్జింగ్ రంధ్రం ఉంటుంది. ఏదీ లేనివాటిలో సెల్లు గది మూత లోపలివైపు ఉంటే, గడియ పడ్డాక సెల్లు మార్చే దారే లేదు, పగలగొట్టడమే. సెల్లు గది ఎటువైపు ఉందో బొమ్మల్లో చూసి కొనండి. మీట నొక్కాక గడియ పడేముందు కొన్ని క్షణాల గడువు ఇచ్చేది మంచిది. పది నిమిషాలు పెట్టబోయి పది గంటలు పెట్టినవాళ్లకి ఆ గడువే దిక్కు. నిమిషం నుంచి పది రోజుల దాకా పెట్టుకునే రకాలున్నాయి. పది రోజులు ఎవరికీ అవసరం లేదు. అన్నిరోజులు పెట్టినవాళ్లు మూడోరోజు స్క్రూడ్రైవర్ వెతుకుతారు.

వాడే పద్ధతిలో అందరూ చేసే పొరపాటు 'రేపటి నుంచి తాళం' అని ఈ రాత్రి అరకిలో లాగించడం. పాత బుర్రకి రేపటి తాళం అంటే రేపటి కరువే, కరువు ముందు నింపుకోమంటుంది. దానికి విరుగుడు, ఆ రోజు వాటాని బయటే ఉంచడం. డబ్బాలో పన్నెండు కాజాలుంటే రెండు చిన్న గిన్నెలో బయట పెట్టి, పది లోపల పెట్టి, మధ్యాహ్నం భోంచేసిన అరగంటలోపే గడియ వెయ్యండి. మొదటి వారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కాపు కాస్తే చాలు, అంటే మూడు గంటలకి నాలుగు గంటలు పెట్టాలి. రెండో వారం రాత్రి భోజనం తరవాత కూడా. ఆశ అల లాంటిది, లేచి విరుగుతుంది. చాలామందికి పావుగంట, అరగంటలో తీవ్రత తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట డబ్బా దగ్గర నిలబడి తెర మీద అంకెలు చూస్తూ గడిపితే తగ్గదు.

ఆ అంకెల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే రెండు వారాలు వాడాక డబ్బా ఎదురు తిరిగేది ఇక్కడే. వొల్ఫ్రామ్ షుల్ట్‌జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమీన్ (బహుమానం వస్తోందని మెదడుకి చెప్పే రసాయనం) కణాలని గమనించినప్పుడు, పళ్లరసం అందినప్పుడు మొదట్లో ఎగిసిన కణాలు, అలవాటయ్యాక రసం వస్తోందని చెప్పే దీపం వెలిగినప్పుడే ఎగసిపడ్డాయి. డబ్బాలో ఆ దీపం పని 'టక్' అన్న గడియ చప్పుడు చేస్తుంది. రోజూ ఏడింటికి టక్ అని తెరుచుకుంటే, కొన్నాళ్లకి ఆరున్నర నుంచే నోరూరడం మొదలవుతుంది. లేని ఆకలిని డబ్బాయే పుట్టిస్తుంది. ఇష్టమొచ్చినట్టు వేళలు మార్చడం మందు కాదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమానం ఇంకా గట్టిగా పట్టి లాగుతుంది, ఫోను అంత పట్టేది అందుకే. మందు ఏమిటంటే, మనం దగ్గర లేని వేళకి తెరుచుకునేలా పెట్టడం. రాత్రి తొమ్మిదింటికి వేసే గడియని తెల్లవారుజామున నాలుగింటికి పెట్టండి. ఆ టక్ ఎవరూ వినరు. పొద్దున్నకి మూత వదులుగా ఉంటుంది, అప్పుడు ఇడ్లీ మీద ధ్యాస తప్ప కాజా మీద ఉండదు. తెర మీద చిన్న నల్ల టేపు ముక్క అంటిస్తే అంకెల బాధా పోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక్క హెచ్చరిక. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ, షుగర్ తగ్గించే కొన్ని మాత్రలు వాడేవాళ్లకీ షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే 15 గ్రాముల చక్కెర కావాలి, అంటే సుమారు మూడు చెంచాలు. ఆ పంచదారా గ్లూకోజూ డబ్బా బయటే, కళ్లకి ఎదురుగా ఉండాలి. మందులు, ఇన్‌హేలర్లు, ఇంటి తాళాలు ఇందులో పెట్టే వస్తువులే కావు.

ఫోను విషయానికొస్తే డబ్బా తిండి దగ్గరకన్నా ఇక్కడే ఎక్కువ పని చేస్తుంది. ఎవరు ఏమన్నారు, మన గురించి ఏమనుకుంటున్నారు అన్నది వందమంది గుంపుగా తిరిగిన రోజుల్లో బతుకు ప్రశ్న. గుంపు వెలివేస్తే ప్రాణమే పోయేది. ఇప్పుడు అదే ఆత్రం పెళ్లిచూపుల ఫోటోకి ఎన్ని లైకులొచ్చాయో చూడమంటుంది. ప్లాస్టిక్ సిగ్నల్‌ని ఆపదు, ఫోను లోపల మోగుతూనే ఉంటుంది. గడియ వేశాక లోపల సణుగుతున్న ఫోను బయటున్న ఫోనుకన్నా అధ్వానం, శబ్దమూ వైబ్రేషనూ రెండూ ఆపి పెట్టండి. చార్జింగులో పెట్టి మూత వెయ్యకండి, వేడి పోయే దారి ఉండదు. కొన్ని డబ్బాలకి వైరు కోసం పక్కన రంధ్రం ఉంటుంది గానీ అది వైరు పట్టడానికి మాత్రమే, గాలి ఆడటానికి చాలదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక కీప్యాడ్ ఫోను బయట ఉంచి, ఆ నంబరు నలుగురికే ఇవ్వండి.

డెల్టాలో కొందరు ఫోనుని ఇందులో పెట్టనే కూడదు. రొయ్యల చెరువు కాపలా ఉన్నవాళ్లు మొదటివాళ్లు. రాత్రంతా చెరువులోని జీవాలన్నీ ప్రాణవాయువు వాడుకుంటాయి, నాచుకి ఎండ తగిలేదాకా కొత్తది పుట్టదు. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే కబురు అందాల్సింది ఆ ఫోనుకే. వరద రోజుల్లో లంక గ్రామాలవాళ్లూ అంతే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఎగరేశారంటే డబ్బా అటకెక్కించాల్సిందే. అక్టోబరు, నవంబరు తుపాను కబుర్లప్పుడూ అదే మాట.

ఇక డబ్బా చేతులెత్తేసే చోట్లు. సంక్రాంతికి భీమవరం వైపు పందెం బరుల దగ్గరికి వెళ్లేవాళ్లు నోట్లు డబ్బాలో పెట్టి వెళితే లాభం లేదు. చట్టం వద్దంటున్న పందెమన్న సంగతి అలా ఉంచండి, జేబులో ఫోనుంటే యూపీఐ ఉంది. బరి దగ్గర లాగేది డబ్బు కాదు, గుంపు అరుపూ 'వెంట్రుకవాసిలో పోయింది' అన్న భావమూ. పోయినదాన్ని రాబట్టాలన్న మంట గెలుపు సంతోషంకన్నా పెద్దది. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో నష్టభయం గురించి చెప్పిన సంగతి ఏ పందెంరాయుడికీ కొత్త కాదు. అక్కడికి వెళ్లక తప్పదనుకుంటే ముందురోజే బ్యాంకు యాప్‌లో పరిమితి తగ్గించుకోండి, లేదా ఫోను ఇంట్లో డబ్బాలో పెట్టి ఓ రెండొందలు జేబులో వేసుకెళ్లండి. కోపానికి డబ్బా అసలే పనికిరాదు. కోపం ఎప్పుడొస్తుందో మధ్యాహ్నం భోంచేశాక తెలియదు కదా.

పులసకీ అంతే. వరదనీటికి సముద్రంలోంచి ఎదురెక్కి వచ్చే ఆ కొద్దివారాల్లో ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్న సామెతే అరుదైనదాని కోసం ఎగబడే పాత బుద్ధికి ఇక్కడి పేరు. ఆ డబ్బు ముందే డబ్బాలో వేసి వారం గడియ పెడితే, వారం తరవాత ధర ఇంకా పెరిగి ఉంటుంది. అది ఓడిపోయే పందెం, చేప తినెయ్యండి.

ఇంటివాళ్ల సంగతి. 'ఇదేం చోద్యమండీ, తినేదానికి తాళమేంటి, ఇంటికొచ్చినోళ్లకి ఏం పెడతాం?' అన్న మాట ఏ గోదావరి ఇంట్లోనైనా మొదటి రోజే వినబడుతుంది. ఆ మాటలో న్యాయముంది. చుట్టం గుమ్మంలో ఉండగా 'ఇంకో రెండు గంటలాగండి మావయ్యా' అనలేం. అతిథుల వాటా వేరే స్టీలు డబ్బాలో, అటక మీద ఉంచండి. నిచ్చెన వెయ్యాలి కాబట్టి చుట్టం వస్తే తప్ప ఎవరూ ఎక్కరు. నిజానికి ఒంటరిగా ఉండేవాళ్లని మినహాయిస్తే తిండి వరకు అటకే ఈ డబ్బాకి గట్టి పోటీ. ఖర్చు లేదు, సెల్లు కారవు. అటక లేని అపార్ట్‌మెంటు ఇళ్లకీ ఫోనుకీ మాత్రం డబ్బా నెగ్గుతుంది. ఇంకొకటి: ఎవరి ఆశకి వాళ్లే గడియ వేసుకోవాలి. పిల్లల చాక్లెట్లకి తండ్రి వేసిన తాళం పిల్లలకి తాళం పగలగొట్టే విద్య నేర్పుతుంది. ఎనిమిదేళ్ల బుడతడికి మూత అంచులో స్కేలు దూర్చి గడియ నాలుక వెనక్కి నెట్టడానికి ఎంతోసేపు పట్టదు. చవక రకాల్లో ఆ నాలుక ప్లాస్టిక్‌దే.

మొత్తానికి ఐదుకి మూడున్నర. ఫోనుకి నాలుగు, తిండికి మూడు. చెమ్మకి ఒకటి కూడా ఎక్కువే.

పార్శిల్ వచ్చిన రోజే, వాపసు గడువు ఉండగానే కొన్ని చూడండి. ఖాళీ డబ్బాకి ఒక నిమిషం పెట్టి పదిసార్లు గడియ వేసి తీయండి, ప్రతిసారీ మోటారు చప్పుడు ఒకేలా ఉండాలి. గడియ పడి ఉండగా మూతని నాలుగు మూలలా పైకి లాగండి. ఒక మూల ఎక్కువ లేస్తే గడియ నాలుక పొట్టిగా ఉందని అర్థం. పది గంటలు పెట్టి గోడ గడియారంతో సరిపోల్చండి, ఒకటి రెండు నిమిషాల తేడా పట్టించుకోనక్కర్లేదు. చివరగా నిండా పెట్టి, మూతకి వస్తువు లోపల్నుంచి తగిలేలా ఉంచి ఒకసారి వెయ్యండి. గడియ పడేటప్పుడు కిర్రుమని మూలిగితే మోటారు అరగదీస్తోందన్న మాటే, అట్టపెట్టె చించకుండా అదే రోజు తిప్పి పంపేయండి.